తీసిపెట్టిన తలుపు

నేను బస్సు దిగి ఊళ్లోకి నడిచి వచ్చేసరికి మా పెదనాయన ఇంటి వీధి తలుపు దాని చోట లేదు. ఒంటి రెక్క టేకు తలుపు అది. ద్వారబంధంలోంచి ఊడదీసి, అరుగు మీద గోడకు ఆనించి ఉంది. విరగలేదు, చెదలు పట్టలేదు. వడ్రంగి కోసం తీసినట్టు లేదు. ఎవరో వచ్చి పట్టుకుపోతారని తయారుగా పెట్టినట్టు ఉంది. పెదనాయన అందుకే పెట్టాడని కాసేపటికి పెద్దమ్మ చెప్పింది.

ఇది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో సంగతి. మాది ఉదయగిరి పక్కన మెట్ట పల్లె. మా నాయనకు అన్న అయిన పెదనాయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. మొదట సీతారామపురం వైపు, చివర ఆత్మకూరు తాలూకాఫీసులో పనిచేసి, తెల్లవాళ్లు వెళ్లిపోయిన ఏడాది పెన్షను పుచ్చుకొని ఊరు చేరాడు. నేను నెల్లూరులో ఒక బడిలో పంతులుగా ఉండేవాణ్ని. పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ని, సంస్కరణ సభల్లో మాట్లాడేవాణ్ని. ముహూర్తాలు, శకునాలు, పూర్వజన్మ కర్మ, వీటి మీద వాదానికి వచ్చినవాణ్ని వచ్చినట్టే పంపించిన రోజు లేదు. ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. కొందరికి గొప్పగా ఉండేది, ఎక్కువమందికి నవ్వులాటగా ఉండేది.

పెద్దమ్మ నాకు కాళ్లకు నీళ్లిస్తూనే మొదలుపెట్టింది. పంచాయతీ బోర్డు కొత్తగా వృత్తి పన్ను వేసింది. దుకాణాలవాళ్లకు, వ్యాపారులకు, ఉద్యోగులకు వేసినట్టే పెన్షను తీసుకునేవాళ్లకు కూడా వేసింది. ఆరు నెలలకొకసారి కట్టవలసిన చిన్న మొత్తం. పెదనాయన కట్టనన్నాడు. రెండో నోటీసు వచ్చింది. దానికీ కట్టనన్నాడు. ఇక మిగిలింది జప్తు. బిల్ కలెక్టరు తలారిని వెంటబెట్టుకొని వచ్చి, వీధి అంతా చూస్తుండగా ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు తీసుకుపోతాడు. ఆ రోజుల్లో జప్తుకు వచ్చినవాళ్ల చెయ్యి మొదట పడేది తలుపు మీదనే. బిందెలు దాచిపెట్టవచ్చు, తలుపు దాచలేరు గదా.

"వాళ్లకి కష్టం లేకుండా ఈయనే తీసిపెట్టినాడు," అంది పెద్దమ్మ. "నిన్న పక్కింటి మేక వంటింట్లోకి వచ్చి నానబోసిన బియ్యం తినిపోయింది. కుక్కలకి మనిల్లే సత్రమైపోయింది. సభల్లో దేవుణ్నే లేకుండా చేస్తావంట గదా నాయనా, ఈయన చేత ఒక్క తలుపు పెట్టించు చూద్దాం."

ఆమె నవ్వుతూనే అంది గాని కళ్లల్లో భయం ఉంది. పాతికేళ్లు ఇతరుల ఇళ్లకు జప్తుకు వెళ్లిన మనిషి ఇంటికి ఇప్పుడు జప్తు వస్తే ఊళ్లో ఎట్లా తలెత్తుకు తిరగడం? ఆమెకు కావలసింది ఒక్కటే. బిల్ కలెక్టరు రాకముందే ఆయన పన్ను కట్టాలి, తలుపు మళ్లీ దాని చోటికి ఎక్కాలి. ఈ పని నాకు అప్పజెప్పింది.

నేను ఉత్సాహంగానే దిగాను. నాకు ఇష్టమైన పని దొరికింది.

పెదనాయన అరుగు మీద, ఆ తలుపు పక్కనే, మడత కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మొదట ఆయనకు ఇది ఢిల్లీ సర్కారు వేసే ఇన్‌కంటాక్సు అన్న అనుమానం ఉందేమోనని ఆ ముడి విప్పాను. ఆయన పెన్షను దాని దరిదాపులకు కూడా పోదని, ఇది వేరని, ఊళ్లో దీపాలకూ కాలవలకూ బావులకూ పంచాయతీ వసూలు చేసేదని చెప్పాను. తర్వాత పెన్షను అంటే ఏమిటో చెప్పాను. అది సర్కారు దయ కాదు, బహుమానం కాదు. చేసిన పనికి వెనకగా వచ్చే రాబడి. నెలనెలా వచ్చేది రాబడి అయినప్పుడు, ఆ చేతులు ఇప్పుడు పని చేస్తున్నాయా లేదా అని చట్టం అడగదు. ఊళ్లో కాపురమున్న మనిషికి రాబడి ఉంటే ఊరి ఖర్చులో వంతు ఉంటుంది. ఇందులో అవమానం లేదు. శిస్తు కట్టే రైతుకు ఎంత అవమానం ఉందో అంతే ఉంది.

ఆ చివరి మాటకు ఆయన నా ముఖం వంక ఒకసారి చూశాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

వృత్తి లేనివాడికి వృత్తి పన్ను ఏమిటన్నాడు. పేరు అది గాని పరిధి పెద్దదన్నాను. చూపించమన్నాడు. పంచాయతీ గుమాస్తా దగ్గర చట్టం పుస్తకం అడిగి తెచ్చి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకొని ఆ భాగం మొత్తం చదివాడు. పెన్షను అన్న మాట దగ్గర వేలు ఆపాడు. జీవితమంతా చట్టాలతో బతికిన మనిషికి చట్టం అర్థం కాకపోవడమేమిటి? నాకంటే త్వరగానే అర్థమైంది. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"చట్టం నాకు నేర్పబాకురా. చట్టంలో ఉండాది, సరే. వాడు ఎందుకు వేసినాడు, అది చెప్పు."

వాడంటే పంచాయతీ ప్రెసిడెంటు. సీతారామపురం వైపు మెట్ట నుంచి చిన్నప్పుడే తండ్రితో మా ఊరు వచ్చి, శెనక్కాయల వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్న మనిషి. నాకంటే కొంచెం పెద్ద. ఎవరితోనూ పేచీ పెట్టుకోని రకం. అతనికి తనమీద కక్ష అని, ఆ కక్షతోనే ఈ పన్ను వేశాడని పెదనాయన అన్నాడు. ఏమి కక్ష అంటే చెప్పడు. "వాడికి తెలుసు, నాకు తెలుసు," అంటాడు. "తీసుకపోనీరా. తలుపు తీసే పెట్టినాను గదా."

నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి పగ వల్ల జరిగింది అనడానికీ, శని పట్టడం వల్ల జరిగింది అనడానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. అప్పుడూ కనిపించలేదు. రెండూ కారణం వెతకడానికి బద్ధకించినవాళ్లు చెప్పే మాటలు. ఊళ్లో పెన్షనుదారు ఆయనొక్కడే కాబట్టి పోల్చి చూపించడానికి మరొకరు లేరు. సరే, పోలిక ఉన్న చోటికే పోదాం అనుకున్నాను. ఒకటో తారీఖు దగ్గరికి వచ్చింది. ఆయన పెన్షను ఆత్మకూరు సబ్ ట్రెజరీలో తీసుకునేవాడు. ఉదయగిరికి మార్పించుకోమని ఎందరు చెప్పినా మార్పించుకోలేదు. నెలకొకసారి పాత స్నేహితులను చూసే వంక పోతుందని. ఈసారి నేను కూడా బయలుదేరాను.

ఆ ఒకటో తారీఖున ట్రెజరీ వరండా చూడవలసిన చోటు. పాత కోట్లు, ఉతికి ఉతికి పలచనైన తలపాగాలు, చేతికర్రలు, ముక్కుపొడుం డబ్బాలు. ఒకప్పుడు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకున్నవాళ్లే ఇప్పుడు ఒక బెంచీ మీద సర్దుకొని కూర్చుంటారు. పోయిన నెల వచ్చి ఈ నెల రానివాడి గురించి ముందు అడుగుతారు. జబ్బా, ఇంకేమన్నానా అని. తర్వాత గాని మిగిలిన మాటలు రావు.

నేను వృత్తి పన్ను మాట ఎత్తాను. రిటైరైన హెడ్ కానిస్టేబులు ఒకాయన పెద్దగా నవ్వాడు.

"బతికుండామని ఈడ సంతకం పెట్టి చెప్పుకుంటే పెన్షనిస్తారు. ఆ మాట మన పంచాయతీ చెవిన పడితే పన్నేస్తారు. పోయినోడే సుఖపడినాడన్నా."

నవ్వులు సద్దుమణిగాక ఒక్కొక్కరే చెప్పారు. అందరికీ నోటీసులు వచ్చాయి. కొందరు గొణిగి కట్టారు, కొందరు గొణక్కుండా కట్టారు. పెదనాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటున్నాడు. మీ ఊళ్లో ప్రెసిడెంటుకు నీ మీద ఏమన్నా పాత కోపముందా అని ఒకరిద్దరిని అడిగాడు కూడా. వాళ్లు తెల్లబోయి చూశారు. అప్పుడు కలువాయి నుంచి వచ్చిన ఒక పాత బడిపంతులు ముందుకు వంగాడు.

"మా ప్రెసిడెంటు నా సొంత అల్లుడు. ఊళ్లో మొదటి నోటీసు నాకే. మా అమ్మాయి అన్నం పెట్టి, నేను చెయ్యి కడుక్కోక ముందే తెచ్చి ఇచ్చింది."

"ఉగాదికి పంచెలు పెట్టి ఉండవు," అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"పెట్టినాను సామీ. ఆ పంచెలు కట్టుకొనే నోటీసు మీద సంతకం పెట్టినాడు."

వరండా మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతకు మించిన రుజువు ఏ సభలో దొరుకుతుంది? సొంత మామ మీద పడిన పన్ను పగ కాదు గదా. పెదనాయన వంక చూశాను. ఆయన నవ్వలేదు. ఆ పంతులునే చూస్తున్నాడు. "మీ ఇద్దరికీ మధ్య ఏమీ లేదా?" అని మెల్లగా అడిగాడు. "ఏముంటుంది? నా పక్కన కూర్చొనే తింటాడు," అన్నాడాయన.

లోపలి నుంచి పిలిచారు. పెదనాయన లేచి వెళ్లి సంతకం పెట్టి డబ్బు తీసుకొని వచ్చాడు. ఎప్పుడూ పెన్షను తీసుకున్నాక స్నేహితులకు హోటల్లో కాఫీ ఇప్పించి గాని కదలనిచ్చేవాడు కాదట. ఆ రోజు నేరుగా బస్సు దగ్గరికి నడిచాడు.

బస్సులో నేనే మాట్లాడాను. చట్టం అందరికీ ఒకటేనని, దానికి కోపమూ లేదు, ప్రేమా లేదని, ఎక్కడో ఎవరో పగ పట్టి మనల్ని వెంటాడుతున్నాడని అనుకోవడం మన దేశానికి పట్టిన జబ్బు అని, ఏదేదో చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎండకు బీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఆత్మకూరు వెనక్కి పోయి చాలాసేపయ్యాక ఇటు తిరిగాడు.

"వాడి నాయన ఇంటికి నేను జప్తుకి పోయినాను," అన్నాడు.

తర్వాత చెప్పినదంతా మెల్లగా, మధ్యలో ఆగి ఆగి చెప్పాడు. సీతారామపురం వైపు పనిచేసేటప్పుడు వరసగా వానలు లేని కాలం వచ్చింది. ఒక పల్లె చెరువు ఎండి నెర్రెలిచ్చింది. మాగాణికి నీటి శిస్తు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. వసూలు ఎందుకు తక్కువైందని పైనుంచి రోజూ అడుగుతున్నారు. ఆ పల్లెలో ఒక రైతు ఇంట్లో జప్తు చెయ్యడానికి ఏమీ లేదు, వేప తలుపు ఒక్కటే ఉంది. ఆ మనిషి గొడవ చెయ్యలేదు. చెరువు నిండలేదు గదయ్యా, ఏ నీళ్లకి ఈ శిస్తు అని ఒక్క మాట అడిగాడు. ముందు కట్టు, తర్వాత అర్జీ పెట్టుకో అని పెదనాయన జవాబు. అది అప్పుడందరూ చెప్పే జవాబే. తలారి ముసలివాడు, తలుపు ఒక్కడే ఎత్తలేకపోయాడు.

"రెండో కొస ఆ మనిషే వచ్చి పట్టుకున్నాడు. వాడి తలుపు వాడే మోసి బండిలో పెట్టినాడు. నేను చూస్తా నిలబడినా."

తలుపు వేలంలో పోయింది. కొన్నాళ్లకు ఆ చెరువు కింద శిస్తు మాఫీ అయినట్టు ఉత్తరువు వచ్చింది. అప్పటికి ఎవరి తలుపు ఎవరికి తెచ్చివ్వడం? తర్వాత ఆ కుటుంబం పల్లె విడిచిపెట్టింది. విడిచి మా ఊరే చేరిందని పెన్షను పుచ్చుకొని వచ్చాక గాని పెదనాయనకు తెలియదు. ఆ రైతు అప్పటికే పోయాడు. కొడుకు వ్యాపారంలో ఎదుగుతున్నాడు. వీధిలో ఎదురైతే ఆ కొడుకు చెప్పులు చేత్తో పట్టుకోడు గాని మర్యాదగానే పలకరిస్తాడు. ఆ పలకరింపు ఎందుకో ఈయనకు గుచ్చుకునేది.

"వాడు ప్రెసిడెంటు అయినాడు. నాకు నోటీసు వచ్చింది. సరే, ఇన్నాళ్లకి వచ్చినాడు అనుకున్నా. తలుపుకు తలుపు. అందుకే తీసిపెట్టినా. తీసుకపోయుంటే నాకు నిద్ర పట్టేది." మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు అది కాదని తేల్చినావు. సొంత మామకి గూడా వేస్తారంట. ఇంక నా దగ్గరికి ఎవడొస్తాడు?"

నా దగ్గర మాటలు ఉన్నాయి. చేసిన తప్పుకు ఎవరో వచ్చి అంతే కొలిచి తిరిగి చేస్తేనే సరిపోతుందనడం కర్మ సిద్ధాంతమే, వేషం మార్చుకొని వచ్చింది, అంతే. అట్లాంటి తక్కెడ పైన ఎక్కడా లేదు. ఆ మాటే అంతకు ముందు నెల నెల్లూరులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అది అబద్ధం కాదు. ఈ రోజుకూ నా అభిప్రాయం అదే. కాని ఆ బస్సులో, ఆ మనిషి పక్కన కూర్చొని, ఆ మాట బయటికి తీస్తే దాని వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో నాకు తెలియలేదు. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన తలపాగా చుట్టుకొని పంచాయతీ ఆఫీసుకు బయలుదేరాడు. గుమాస్తా చేతికి కట్టి వచ్చేస్తే పోయేదే. అట్లా కట్టనన్నాడు, ప్రెసిడెంటు వచ్చిందాకా బెంచీ మీద కూర్చున్నాడు. నేను పక్కన ఉన్నాను. ప్రెసిడెంటు వచ్చి ఈయన్ను చూసి కంగారుపడ్డాడు. మీరు రావడం దేనికయ్యా, కబురు పంపితే మనిషిని పంపేవాళ్లం గదా అన్నాడు. జప్తు సంగతి తనకు నచ్చలేదని, బిల్ కలెక్టరును తనే ఆపుతున్నానని కూడా అన్నాడు. పెదనాయన డబ్బు బల్ల మీద పెట్టాడు.

"మీ నాయన తలుపు నేనే జప్తు చేసినాను," అన్నాడు. "అప్పుడు నేను ఆ పక్క ఇన్‌స్పెక్టర్ని. తర్వాత మాఫీ అయింది. నేను తిరిగి రాలేదు."

ఆ మాట చెప్పడానికి ఎన్నాళ్లు పట్టిందో ఆయన గొంతు వింటే తెలిసింది. ప్రెసిడెంటు అర్థం కాక నా వంక చూశాడు, మళ్లీ ఆయన వంక చూశాడు.

"మా ఇంటికి తలుపెక్కడిదయ్యా?" అన్నాడు. "నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ మాకు తడికే గదా. మీరు ఇంకెవరినో అనుకుంటుండారు."

అని నవ్వాడు. ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు. పాత రోజుల్లో తామెంత లేనివాళ్లో చెప్పుకొని నవ్వుకునే మనిషి నవ్వు. తడిక సందుల్లోంచి వాన జల్లు కొట్టేదని, వాళ్లమ్మ దానికి పేడ అలికేదని, నాయన మాత్రం తలుపు చేయిద్దామన్న మాట చివరి దాకా ఎత్తలేదని కూడా చెప్పాడు. గుమాస్తా రసీదు రాసి ఇచ్చాడు. పెదనాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంటే ఆ తండ్రి జప్తు సంగతి కొడుక్కు చెప్పనే లేదు. తిట్టుకోవడానికైనా ఒక పేరు మిగల్చలేదు. తలుపు పోయిందనే కాదు, తలుపు ఉండేదని కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.



మేము వచ్చేసరికి పెద్దమ్మకు కబురు ముందే అందింది. పన్ను కట్టాడు, ఇక జప్తు లేదు. ఆమె ముఖం విప్పారి ఉంది. కుక్కను ఒకదాన్ని అదిలించి బయటికి తరిమి, ఇంక ఆలస్యం దేనికి, తలుపు ఎక్కించండి, వడ్రంగి రానక్కరలేదు గదా అంది. వడ్రంగి నిజంగానే అక్కరలేదు. ద్వారబంధంలో పైనా కిందా ఉన్న గూళ్లలో తలుపు కొనలు దించితే చాలు. నేను ఒక పక్క పట్టుకున్నాను. టేకు తలుపు, నేననుకున్న దానికంటే చాలా బరువు. ఒక్కణ్ని లేపలేకపోయాను. ఎవరినైనా పిలుద్దామని వీధిలోకి చూశాను.

పెదనాయన తలపాగా తీసి కుర్చీలో పెట్టి వచ్చాడు. వద్దంటున్నా వినకుండా వంగి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం ఎత్తాం. గుమ్మం దాకా వచ్చి, గూట్లోకి దించబోతూ, ఆయన కాస్సేపు ఆగమన్నాడు. ఆ బరువు అట్లాగే చేతుల్లో పెట్టుకొని నిలబడ్డాడు.

"ఇంత బరువుంటాదని నాకు తెలీదురా," అన్నాడు.

తలుపు గూట్లో పడింది. పెద్దమ్మ లోపలినుంచి మూసి, గడియ పెట్టి చూసి, మళ్లీ తీసింది. ఆయన అరుగు మీదనే కూర్చున్నాడు. తర్వాత బతికినన్నాళ్లు నోటీసు రాకముందే వెళ్లి పన్ను కట్టి వచ్చేవాడట. చట్టం తెలిసిన మనిషంటే ఆయనేనని బిల్ కలెక్టరు ఊరంతా చెప్పుకునేవాడు. నేను ఆ మాట విన్నప్పుడల్లా ఇంకేదో మాట ఎత్తి ఆపేసేవాణ్ని.